పురుగు సచ్చింది, మరి చెయ్యెందుకు వంకరైతుంది?

(ఆశా కార్యకర్తలు, నర్సింగ్ విద్యార్థుల కోసం నిజామాబాద్‌లో ఒక నరాల డాక్టర్ గారు మాట్లాడిన మాటలు ఇవి. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. ముందు ఒక పని చేద్దాం. అందరూ కుడి చెయ్యి మోచేతి దగ్గర మడవండి. మడిచారా? వెనక వరసలో అమ్మాయిలు, మీరు కూడా. ఇప్పుడు ఎడమ చేతి వేలితో మోచేతి వెనక, ఒంటి వైపు, ఒక బొడిపె ఉంటుంది, పట్టుకోండి. ఆ బొడిపెకి, మోచేతి కొనకి మధ్యలో చిన్న గాడి ఉంటుంది. అందులో వేలు పెట్టి మెల్లగా అటూ ఇటూ జరపండి. సన్న తాడులాంటిది వేలి కింద జారుతోందా? దొరకనివాళ్లు పక్కనున్న అక్కని అడగండి. తలుపు గొళ్లేనికి మోచెయ్యి తగిలితే చిటికెన వేలి దాకా జివ్వుమని కరెంటు కొట్టినట్టు అవుతుంది కదా, అది ఈ తాడే. దీన్ని అల్నార్ నరం అంటారు.

మనం మామూలుగా రక్తనాళాన్ని కూడా నరం అనేస్తాం, "నరం దొరకట్లేదు సిస్టర్" అంటాం సెలైన్ పెట్టేటప్పుడు. ఇవాళ నేను నరం అన్నప్పుడల్లా ఇదిగో ఈ తాడు, మెదడు నుంచి వేలికి, వేలి నుంచి మెదడుకి కబురు మోసేది. సరేనా.

ఇప్పుడు ఒక అక్క సంగతి చెప్తాను. పేరు, ఊరు వద్దు. బీడీలు చుట్టే అక్క. మన జిల్లాలో ఎన్ని ఇళ్లలో చాట ముందు కూర్చుని ఉంటారో మీకు నేను చెప్పాలా? తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, కొన మడిచి లోపలికి నొక్కాలి. రోజుకి వెయ్యి చుట్టేది ఆ అక్క. ఆమెకి తొడ మీద, చేతి మీద స్పర్శ లేని మచ్చలు వచ్చాయి, కుష్టు అని తేలింది, ఎండీటీ, అంటే కుష్టు క్రిమిని చంపే మందుల కోర్సు, 12 నెలలు ఒక్క మాత్ర కూడా వదలకుండా వేసుకుంది, ఆర్‌ఎఫ్‌టీ, అంటే మందు పూర్తయింది, అని కార్డు మీద రాసి పంపేశారు. తర్వాత మూడు నెలలకి మోచేతి దగ్గర నొప్పి మొదలైంది. రాత్రుళ్లు ఎక్కువ. మచ్చలు మళ్లీ ఎర్రగా ఉబ్బాయి. వెయ్యి బీడీలు ఏడొందలయ్యాయి, తర్వాత నాలుగొందలు. దారం కట్టేటప్పుడు చిటికెన వేలు మాట వినట్లేదు. ఒక చోటికి పోయి చూపించుకుంటే, మందు కోర్సు అయిపోయింది, క్రిమి లేదు, పని ఎక్కువై నొప్పి వస్తోంది, పో అన్నారు. నా దగ్గరికి వచ్చేసరికి నొప్పి మొదలై ఎనిమిది నెలలు. వేళ్ల మధ్య బస్ టికెట్ పెట్టి గట్టిగా పట్టుకో అక్కా అన్నాను, నేను లాగకముందే జారి కింద పడింది.

ఆమె నన్ను ఒకటే అడిగింది. "సార్, పురుగు సచ్చిపోయింది అన్నరు కదా, మరి చెయ్యెందుకు వంకరైతుంది?"

ఎంత మంచి ప్రశ్న అది! ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ ప్రశ్నకి జవాబే. ఎనిమిది నెలల కింద ఆమె అడిగిన చోట ఎవరైనా దానికి సరిగ్గా జవాబు చెప్పి ఉంటే ఆమె చెయ్యి ఇంకోలా ఉండేది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

జవాబు ఏంటంటే, ఆ చెయ్యిని ఇప్పుడు పాడు చేస్తున్నది క్రిమి కాదు. మన ఒంట్లో రక్షణ కణాలు ఒకదానికొకటి పంపుకునే కబుర్లు. వాటిని సైటోకైన్లు అంటారు.

దండోరా మీకు తెలుసు కదా. డప్పు కొట్టుకుంటూ ఒకాయన ఊరంతా తిరిగి, ఫలానా చోట ఫలానా జరిగిందహో అని చెప్తాడు. ఆయన ఎవరినీ కొట్టడు, ఏదీ తగలబెట్టడు, చెప్తాడంతే. కానీ విని జనం పరిగెత్తుకొస్తారు. సైటోకైన్ అట్లాంటిది, ఒక చిన్న ప్రోటీన్. మాక్రోఫేజ్ అని ఒక కణం ఉంటుంది, చెత్తనీ క్రిమినీ మింగేది, అది క్రిమిని చూడగానే టీఎన్‌ఎఫ్ అని ఒకటి, ఇంటర్‌ల్యూకిన్-1 అని ఒకటి, ఇంటర్‌ల్యూకిన్-6 అని ఒకటి, ఇలా దండోరాలు వదుల్తుంది. వాటిని విని రక్తనాళం గోడ వదులవుతుంది, నీరు బయటికి వస్తుంది, ఇంకా కణాలు చేరతాయి. మనం చూసే ఎరుపు, వేడి, వాపు, నొప్పి అన్నీ అవే. ఇన్‌ఫ్లమేషన్‌కి మన భాషలో మంట అనే మాట సరిగ్గా సరిపోతుంది, నిప్పుకీ ఒంటి బాధకీ ఒకటే మాట.

జ్వరం వచ్చినప్పుడు అన్నం సహించదు, ఎవరితో మాట్లాడబుద్ధి కాదు, ముసుగేసుకుని పడుకోవాలనిపిస్తుంది. ఎందుకు? క్రిమి గొంతులోనో పేగులోనో ఉంది, మెదడులో లేదు కదా. మరి మెదడు ఎందుకు మారింది? ఈ ఇంటర్‌ల్యూకిన్-1, 6 రక్తంలో పోయి మెదడు రక్తనాళాల గోడలకి కబురు చెప్తాయి, పొట్ట దగ్గర్నుంచి పైకి పోయే వేగస్ నరం కూడా మోస్తుంది. మెదడులో వేడిని అదుపు చేసే చోట ప్రోస్టాగ్లాండిన్ తయారై ఒంటి వేడి పెరుగుతుంది. పారాసిటమాల్ వేస్తే తగ్గేది ఆ ప్రోస్టాగ్లాండిన్ తయారీయే. అంటే ప్రతి జ్వరంలోనూ సైటోకైన్లు మన మెదడుతో మాట్లాడుతూనే ఉన్నాయి. మెదడులో మైక్రోగ్లియా అని సొంత కాపలా కణాలు ఉంటాయి, 1919లో స్పెయిన్ ఆయన, డెల్ రియో ఒర్టెగా, వీటిని విడిగా గుర్తించాడు, అవి కూడా ఈ కబుర్లు వింటాయి, తామూ పంపుతాయి. మామూలుగా ఇదంతా మంచికే. నాలుగు రోజులు పడుకోబెట్టి, పోరాడి, అయిపోయాక సద్దుమణుగుతుంది. సద్దుమణిగించే దండోరా కూడా ఉంది, ఇంటర్‌ల్యూకిన్-10 అని, ఇక చాలు ఇళ్లకి పోండి అని చెప్పేది.

ఇప్పుడు కుష్టు దగ్గరికి వద్దాం. క్రిమిని 1873లో నార్వేలో హాన్సెన్ అనే డాక్టర్ చూశాడు. ఇంత మెల్లగా పెరిగే క్రిమి ఇంకోటి లేదేమో, ఒకటి రెండు కావడానికి 12 నుంచి 14 రోజులు. దానికి చల్లటి చోటు ఇష్టం, చెవి తమ్మె, ముక్కు, చేతులు, కాళ్లు. నరం తాడు లోపల ప్రతి తీగ చుట్టూ ష్వాన్ కణాలని ఉంటాయి, కరెంటు వైరు మీద ప్లాస్టిక్ తొడుగులాగా, ఈ క్రిమి పోయి ఆ తొడుగు కణంలోనే కాపురం పెడుతుంది. ఏళ్ల తరబడి. నొప్పి ఉండదు. ఆ చప్పుడు లేకపోవడమే దాని బలం.

ఒకే క్రిమి, కానీ ఒకరికి రెండు మచ్చలు, ఇంకొకరికి ఒళ్లంతా బుడిపెలు. ఎందుకు? ఎవరి ఒంట్లో ఏ దండోరా గట్టిగా వినిపిస్తోందో దాన్ని బట్టి. రెండు మచ్చలవాళ్లలో ఇంటర్‌ఫెరాన్-గామా లాంటి, దాడి చెయ్యండి అనే కబుర్లు ఎక్కువ. ఒళ్లంతా ఉన్నవాళ్లలో సద్దుమణిగించే ఇంటర్‌ల్యూకిన్-10 లాంటివి ఎక్కువ, క్రిమికి అడ్డే ఉండదు. మనవాళ్లు చాలామంది ఈ రెంటికీ మధ్యలో ఉంటారు, ఇటూ కాదు అటూ కాదు. ఆ మధ్యలో ఉన్నవాళ్లకే ప్రమాదం, ఎందుకంటే ఏ రోజు ఎటు ఒరుగుతుందో చెప్పలేం.

మందు మొదలుపెట్టాక క్రిములు చస్తాయి. చచ్చిన క్రిమి మాయమైపోతుందా? పోదు. ముక్కలు ఆ నరం తొడుగులోనే నెలలు, ఏళ్లు పడి ఉంటాయి. ఏదో ఒక రోజు రక్షణ కణాలు వాటిని గుర్తుపడతాయి, టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ఫెరాన్-గామా ఒక్కసారిగా పొంగుతాయి. దీన్నే మన ప్రోగ్రాంలో రియాక్షన్ అంటాం, టైప్ 1. మందు వేసుకుంటున్న మొదటి ఆరు నెలల్లో ఎక్కువగా వస్తుంది, మందు అయిపోయాక కూడా రావచ్చు, మన బీడీ అక్కకి వచ్చినట్టు. ఆర్‌ఎఫ్‌టీ అంటే క్రిమికి మందు అయిపోయిందని, అంతే. నరానికి గండం గడిచిందని కాదు. దయచేసి ఈ ఒక్క మాట రాసుకోండి.

వాపు వస్తే ఏమైంది, తగ్గుతుంది కదా అనుకోవచ్చు. చెంప వాచినా తగ్గుతుంది, కాలు వాచినా తగ్గుతుంది. నరం అలా కాదు, ఎందుకో చెప్తా. చేతులకి నిండుగా మట్టిగాజులు వేసుకున్నప్పుడు చెయ్యి వాచిందనుకోండి. గాజు సాగదు. చెయ్యి ఉబ్బుతూనే ఉంటుంది, గాజు కోస్తూనే ఉంటుంది, వేళ్లు నీలం తిరుగుతాయి. అవునా? ఇందాక మీరు వేలు పెట్టి చూసిన గాడి ఉంది కదా మోచేతి దగ్గర, అదే ఆ గాజు. నరం చుట్టూ గట్టి పొర, ఆ పైన ఎముక గాడి. లోపల వాపు వస్తే పోవడానికి చోటు లేదు, నరం తన రక్తాన్ని తానే ఆపేసుకుంటుంది. కొన్ని వారాలు అలా ఉంటే లోపలి తీగలు చచ్చిపోతాయి. కుష్టులో మోచెయ్యి, మోకాలి పక్కన, చీలమండ వెనక, ఇవే ఎక్కువ దెబ్బతినేది అందుకే, చల్లగా ఉండే చోటు, ఇరుకు చోటు కూడా.

ఇంకో విషయం, ఇది నాకు చాలా విలువైనది. 2017లో జీబ్రాఫిష్ మీద ఒక పరిశోధన వచ్చింది. జీబ్రాఫిష్ పిల్లలు అద్దంలాగా ఉంటాయి, బతికుండగానే లోపలి నరాలు మైక్రోస్కోప్‌లో కనబడతాయి. కుష్టు క్రిమి పైన ఒక రకం కొవ్వు పదార్థం ఉంటుంది, మాక్రోఫేజ్‌లు దాన్ని తాకగానే నైట్రిక్ ఆక్సైడ్ వదిలాయి, ఆ పక్కనున్న నరం తొడుగు పాడైంది. క్రిమి నేరుగా నరాన్ని కొరికి తినలేదు, కాపలావాడు క్రిమి మీద విసిరింది నరానికి తగిలింది. లలితా రామకృష్ణన్ గారి ప్రయోగశాల చేసిన పని అది, బరోడాలో పెరిగిన ఆవిడ. ఆ అక్క అడిగిన ప్రశ్నకి చేప పిల్లలో జవాబు కనబడిందని నాకు అనిపించింది.

మరి ఆ దండోరాని ఆపేస్తే? ఇక్కడ ఒక కథ ఉంది, బాధ ఉన్న కథ. థాలిడోమైడ్ అనే మందు 1957లో జర్మనీలో నిద్రమాత్రగా వచ్చింది. గర్భిణులు వాంతులు తగ్గడానికి వేసుకున్నారు. చేతులు కాళ్లు లేని పిల్లలు పుట్టారు, 10,000 మందికి పైగా. 1961 చివర్లో అమ్మకం ఆపేశారు. మూడేళ్లకి, 1964లో, జెరూసలేం కుష్టు ఆస్పత్రిలో షెస్కిన్ అనే డాక్టర్, టైప్ 2 రియాక్షన్‌తో ఒళ్లంతా ఎర్ర గడ్డలు వచ్చి, జ్వరంతో, నొప్పితో నిద్రే లేని రోగికి, వేరే ఏ మందూ పనిచేయక, నిద్ర కోసం ఆ మాత్ర ఇచ్చాడు. నిద్రే కాదు, గడ్డలూ తగ్గిపోయాయి. ఎందుకు తగ్గాయో 1991 దాకా తెలియలేదు. న్యూయార్క్‌లో గిల్లా కాప్లాన్ బృందం చూపించింది, ఆ మాత్ర టీఎన్‌ఎఫ్ తయారీని తగ్గిస్తోందని. ఇవాళ్టికీ టైప్ 2 రియాక్షన్‌కి అది మందే, కానీ పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్ల ఇంట్లో ఆ మాత్ర ఉండటమే ప్రమాదం. బ్రెజిల్‌లో కుష్టుకి ఇచ్చిన మాత్రలు ఇంట్లో వేరేవాళ్లు వేసుకుని, 1961 తర్వాత కూడా అలాంటి పిల్లలు పుట్టారు. అందుకే అది స్పెషలిస్టు చేతిలో మాత్రమే ఉండాల్సిన మందు.

సరే, టీఎన్‌ఎఫ్ చెడ్డది, ఎక్కడ కనబడినా నొక్కేద్దాం అనుకుంటారేమో. అలా అనుకున్న పెద్ద పెద్దవాళ్లు కూడా దెబ్బతిన్నారు. మల్టిపుల్ స్క్లెరోసిస్ అని మెదడు, వెన్నుపాములో తొడుగు పాడయ్యే జబ్బు ఉంది. తొడుగు పాడైన ఆ చోట్లలో టీఎన్‌ఎఫ్ ఎక్కువగా కనబడింది. ఆపితే బాగవుతుందని లెనెర్సెప్ట్ అనే మందుతో ట్రయల్ చేశారు, 1999లో ఫలితం వచ్చింది, మందు ఇచ్చినవాళ్లకే జబ్బు ఎక్కువసార్లు, త్వరగా తిరగబెట్టింది. ఎందుకంటే టీఎన్‌ఎఫ్ మాట వినే చెవులు కణాల మీద రెండు రకాలు. ఒక చెవి వింటే మంట, ఇంకో చెవి వింటే మరమ్మతు, పాడైన తొడుగు మళ్లీ కట్టే పని. రెండు చెవులూ మూసేస్తే మరమ్మతు కూడా ఆగింది. ఇంటర్‌ఫెరాన్ల సంగతీ అంతే. అదే జబ్బులో 1987లో ఇంటర్‌ఫెరాన్-గామా 18 మందికి ఇస్తే 7 మందికి తిరగబెట్టింది. ఇంటర్‌ఫెరాన్-బీటా మాత్రం 1993 నుంచి ఆ జబ్బుకి మందు. పేరులో ఒక్క అక్షరం తేడా, పని తలకిందులు.

చెయ్యి నరం కోసుకుపోతే కూడా ఇదే కబుర్లు కావాలి. తెగిన చోట ష్వాన్ కణాలు ఇంటర్‌ల్యూకిన్-6 లాంటివి వదిలి మాక్రోఫేజ్‌లని పిలుస్తాయి, అవి వచ్చి పాత తొడుగు చెత్త ఊడిస్తేనే కొత్త తీగ ముందుకి పెరుగుతుంది, రోజుకి సుమారు 1 మిల్లీమీటర్. మోచేతి నుంచి చిటికెన వేలి దాకా ఎంత దూరమో మీరే లెక్కేసుకోండి, ఏడాది దగ్గర పడుతుంది. ఓపిక పట్టమని రోగికి చెప్పేటప్పుడు ఈ లెక్క చెప్పండి, అర్థం చేసుకుంటారు.

టీబీ మెనింజైటిస్ గురించి ఒక్క మాట చెప్పి ముందుకి పోతా, ఎందుకంటే మీలో కొందరు టీబీ పని కూడా చేస్తున్నారు. అక్కడా ఇదే. క్రిమికి మందు పడుతున్నా, మెదడు పొరల్లో మంట వల్ల మనిషి చనిపోతాడు. 2004లో వియత్నాంలో 545 మంది మీద చేసిన ట్రయల్‌లో టీబీ మందులతో పాటు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్, మంట తగ్గించే మందు, ఇస్తే చావులు నూటికి 41 నుంచి 32కి తగ్గాయి. నూటికి తొమ్మిది ప్రాణాలు! కానీ ఇందాక చెప్పిన లలిత గారి బృందమే 2012లో ఇంకోటి చూపించింది, టీఎన్‌ఎఫ్ మరీ ఎక్కువైనా, మరీ తక్కువైనా రెండు చోట్లా క్రిమికే లాభం అని. అంటే మంట ఉండాలి, పొయ్యిలో ఉండాలి, ఇంటి కప్పుకి అంటకూడదు.

ఇప్పుడు మన చేతిలో ఏముంది? రియాక్షన్‌కి ప్రెడ్నిసొలోన్ ఉంది, అదీ స్టెరాయిడే. మామూలు మాత్ర, ఖరీదు లేదు, ప్రభుత్వ ఆస్పత్రిలో దొరుకుతుంది. ఈ టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్ల తయారీని కణం లోపలే తగ్గించేస్తుంది. కానీ నరం బలం, స్పర్శ పోయి ఆరు నెలలు దాటకముందు మొదలుపెట్టాలి. దాటితే తీగలు చచ్చిపోయి ఉంటాయి, మంటని ఆర్పినా బూడిద మళ్లీ కర్ర కాదు. మన బీడీ అక్క ఎనిమిదో నెలలో వచ్చింది. నొప్పి తగ్గింది, మచ్చల వాపు తగ్గింది. వేళ్లు నిటారు కాలేదు. తర్వాత కండర మార్పిడి ఆపరేషన్ చేయించుకుని ఇప్పుడు దారం కడుతోంది, వెయ్యి మాత్రం కావట్లేదు.

స్టెరాయిడ్ అనగానే ఇంకో భయం ఉంది నాకు, చెప్పకపోతే తప్పవుతుంది. ఊళ్లల్లో ఒళ్లు నొప్పులకీ, జ్వరానికీ, ఆయాసానికీ పేరు చెప్పకుండా డెక్సా ఇంజెక్షన్ పొడిచేస్తారు. ఆ పూటకి బ్రహ్మాండంగా ఉంటుంది. లోపల దాక్కున్న టీబీ లేస్తుంది, షుగర్ పెరుగుతుంది, అసలు రియాక్షన్ మొదలైంది అనే గుర్తు కూడా కనబడకుండా పోతుంది. అది వేరు, లెక్క ప్రకారం నెలల తరబడి మెల్లగా తగ్గిస్తూ ఇచ్చేది వేరు. మొదలుపెట్టిన మాత్ర మధ్యలో బాగుందని ఆపేయొద్దని కూడా ఇంటికి పోయినప్పుడు చెప్పండి, ఒక్కసారిగా ఆపితే ఒళ్లు తట్టుకోదు.

ఈ జిల్లాలో డిచ్‌పల్లి ఉంది. ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ వందేళ్ల కిందట వచ్చి అక్కడ కుష్టు ఆస్పత్రి పెట్టించింది, ఈ ప్రాంతపు నర్సా గౌడ్ గారు దానికి డబ్బు ఇచ్చారు. అప్పుడు మందే లేదు. ఇప్పుడు 1982 నుంచి ఎండీటీ ఉంది, ఉచితం. 2005 చివరికి దేశం మొత్తం మీద పదివేలకి ఒకరి కన్నా తగ్గింది, నిర్మూలన అన్నారు. ఆ మాట వినీ వినీ మనం వెతకడం తగ్గించాం అనిపిస్తుంది నాకు. ఇప్పటికీ ఏటా మన దేశంలో లక్ష దాకా కొత్త కేసులు, ప్రపంచంలో సగానికి పైగా మనవే. ఆ లక్షమందిలో ఎవరికి ఎప్పుడు మోచెయ్యి నొప్పి పుడుతుందో మిషన్ చెప్పదు. వారానికోసారి ఆ ఇంటి ముందు నుంచి నడిచే మీకే ముందు తెలుస్తుంది.

ఒక అక్క చెయ్యెత్తింది, చెప్పండమ్మా. "నొప్పి లేకుండా కూడా నరం పోతుందా సార్" అంటోంది. పోతుంది! చాలా మంచిది అడిగారు. నొప్పి లేకుండా, చప్పుడు లేకుండా బలం తగ్గిపోయేవాళ్లు ఉన్నారు. అందుకే నొప్పి ఉందా అని అడిగి ఊరుకోకూడదు, చేత్తో పట్టి చూడాలి, మందు అయిపోయినవాళ్లని కూడా.

ఇప్పుడు మాటలు ఆపి పని నేర్చుకుందాం. జంటలుగా కూర్చోండి. బాల్‌పెన్ను తీయండి, ఒక కాగితం ముక్క చింపుకోండి, టికెట్ అంత. ఒకరు కళ్లు మూసుకోవాలి. ఇంకొకరు అరచేతిలో చిటికెన వేలి కింద, వేలి కొన మీద, పెన్ను కొనతో చర్మం కొంచెం లోపలికి పోయేంత, మెల్లగా, గీకకూడదు, తాకించండి. ఎక్కడ తాకిందో వాళ్లు వేలితో చూపించాలి. తర్వాత చిటికెన వేలు పక్కకి చాపమని, మీ వేలితో లోపలికి నెట్టండి, తట్టుకుంటోందా చూడండి. తర్వాత బొటనవేలు పైకి. తర్వాత పాదం పైకి. తర్వాత కళ్లు గట్టిగా మూయించండి, తెల్లగుడ్డు కనబడుతోందా చూడండి. ఆఖర్న ఆ కాగితం ముక్క ఉంగరం వేలికి, చిటికెన వేలికి మధ్య పెట్టి లాగండి. గట్టిగా పట్టుకున్నారా? రెండు చేతులకీ తేడా ఉందా? నేను ఒక్కొక్క జంట దగ్గరికి వస్తున్నా. ఇటు మొదటి వరస నుంచి.